రేవులో లాంగ్‌లైన్ ఓడ తనిఖీ: సముద్రపక్షులను కాపాడే ఏర్పాట్లను ఎలా చూడాలి

గోపాల్‌పూర్ లైట్‌హౌస్ దిగువన, పడవలు ఒడ్డుకు లాగిపెట్టే చోట, ఇసుకలో ఒక కర్ర పాతి అక్కడి నుంచి 75 మీటర్లు టేపుతో కొలవండి. అవతలి కొనకు ఒక మనిషిని నిలబెట్టి వెనక్కి తిరిగి చూడండి. ట్యూనా వేటకు వెళ్లే చిన్న ఓడ వెనుక, పక్షులను ఎర దగ్గరికి రాకుండా బెదిరించే ఒక తాడు నీటిని తాకకుండా అంత దూరం గాలిలో సాగాలి. దానికి కట్టిన రంగు పీలికలు అలల మీద రెపరెపలాడుతుండాలి. ఆర్జిపల్లి, గోపాల్‌పూర్, సోనాపూర్ కుర్రవాళ్లకు తనిఖీ పని నేర్పేటప్పుడు నేను మొదట చేయించేది ఈ కొలతే. 75 మీటర్లు ఎంతో కంటికి తెలియనివాడు జెట్టీ మీద చుట్ట చుట్టిన తాడును చూసి సరిపోతుందని సంతకం పెట్టేస్తాడు.

ఒడిశాలోని మన గంజాం తీరంలో ఇలాంటి ఓడలు ఆగవు. మన వాడల్లో ఉన్నవి ఫైబర్ పడవలు, వలలు, చేతి గాలాలు. అయితే బాహుదా నదికి ఇటూ అటూ తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాల నుంచి మగవాళ్లు ఎప్పటినుంచో విశాఖపట్నం, చెన్నై, వెరావల్ రేవులకు పనికి వెళ్తున్నారు. లోతు సముద్రపు ఓడల్లో కళాసీలుగా చేరేవారూ ఉన్నారు. చదువుకున్న పిల్లలకు మత్స్యశాఖల్లో, ఓడల మీద పరిశీలకుల కొలువుల్లో అవకాశాలు వస్తున్నాయి. నేను అలా వెళ్లినవాణ్నే. రేవు తనిఖీల్లో నేర్చుకున్నదంతా మన భాషలో ఒక చోట ఉండాలని ఇది రాస్తున్నాను.

పక్షి ఎలా చనిపోతుందో ముందు తెలుసుకోండి

లాంగ్‌లైన్ అంటే కిలోమీటర్ల కొద్దీ సాగే ఒకే తల్లితాడు. దానికి వేలాడే పిల్లతాళ్ల కొనల్లో ఎర గుచ్చిన గాలాలు ఉంటాయి. పెద్ద ఓడ ఒక్క విడతలో మూడు వేల గాలాల దాకా వదులుతుంది. ఓడ వెనుక నుంచి విసిరిన ఎర వెంటనే మునగదు, కాసేపు నీటి పైపొరలోనే తేలుతుంది. ప్రాణం పోయేది ఆ కాసేపట్లోనే. ఎర కోసం దిగిన పక్షి గాలాన్ని మింగుతుంది, తల్లితాడు బరువు దాన్ని కిందికి లాగుతుంది, పక్షి నీటిలో మునిగి చనిపోతుంది. సాయంత్రం తాడు పైకి లాగినప్పుడు తడిసిన బట్టముద్దలా వస్తుంది.

ఇంకో సంగతి ఉంది. తెల్లగడ్డపు పెట్రెల్ అనే పక్షి పది మీటర్లకు మించిన లోతుకు కూడా మునగగలదు. అది మునిగిన ఎరను పట్టి పైకి తెస్తుంది. పైన కాచుకున్న ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి ఆ ఎరను లాక్కుని తానే గాలానికి చిక్కుతుంది. అందువల్ల ఎర కాస్త మునిగితే చాలదు, వేగంగా, లోతుగా మునగాలి. వాండరింగ్ ఆల్బట్రాస్ రెక్కలు చాపితే మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. అది రెండేళ్లకోసారి పెట్టేది ఒక్క గుడ్డు. జంటలో ఒకటి గాలానికి చిక్కితే గూటిలోని పిల్ల ఆకలితో పోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ ఆల్బట్రాస్ అయితే దక్షిణ హిందూ మహాసముద్రంలోని ఆమ్‌స్టర్‌డామ్ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా గూడు కట్టదు. అలాంటి జాతికి ఒక్కో పక్షీ లెక్కే. నాకు ఈ పని మీద పట్టుదల పెరిగింది ఈ లెక్క అర్థమైన రోజునే.

ఓడ ఎక్కకముందు చేయాల్సిన పని

హిందూ మహాసముద్ర ట్యూనా సంఘాన్ని అందరూ ఐఓటీసీ అంటారు. 25 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన వేటాడే లాంగ్‌లైన్ ఓడలకు ఈ సంఘం 2012లో ఒక తీర్మానం చేసింది. పక్షులను బెదిరించే పీలికల తాడు, పిల్లతాళ్లకు బరువు, రాత్రి వేళ మాత్రమే గాలాలు వదలడం అనే మూడింటిలో కనీసం రెండు పాటించాలన్నది దాని సారం. 2023లో దాన్ని సవరించారు. గాలం మొనను కప్పి ఉంచే పరికరం వాడే వెసులుబాటు కూడా వచ్చింది. మీరు ఎక్కబోయే ఓడ తన లైసెన్సు ప్రకారం ఏ రెండు ఎంచుకుందో ముందే తెలుసుకోండి. మూడూ చేస్తున్నామని చెప్పే ఓడ దగ్గర మరింత జాగ్రత్తగా ఉంటాను. అన్నీ ఉన్నాయని చెప్పే చోట తరచుగా ఏదీ సరిగా ఉండదు.

తర్వాత ఓడ ఎక్కడ తిరిగిందో చూడాలి. శాటిలైట్ ట్రాకింగ్ గుర్తులు, వేట పుస్తకం పక్కపక్కన పెట్టుకుని 25 డిగ్రీల గీత దాటిన రోజులన్నీ గుర్తుపెట్టండి. ఆ రోజుల్లో గాలాలు వదలడం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఓడ ఎక్కాక వేసే ప్రశ్నలన్నీ ఈ కాగితం నుంచే పుడతాయి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి గడియారం. కొన్ని ఓడలు స్థానిక సమయం రాస్తాయి, కొన్ని గ్రీనిచ్ సమయం, ఇంకొన్ని తమ దేశపు సమయం. ఏది రాశారో తేల్చుకోకుండా లెక్క వేస్తే పగటి వేట రాత్రి వేటగానూ, రాత్రి వేట పగటి వేటగానూ కనిపిస్తుంది. అమాయకుణ్ని పట్టుకుని దోషిని వదిలేస్తాం.

రాత్రి అంటే సూర్యుడు అస్తమించాక అని కాదు. సూర్యుడు దిగంతానికి 12 డిగ్రీల కిందికి దిగినప్పటి నుంచి, తెల్లవారుజామున మళ్లీ అదే గీతకు చేరేదాకా ఉన్న చీకటినే లెక్కలోకి తీసుకుంటారు. డిసెంబరులో 40 డిగ్రీల దక్షిణాన ఆ చీకటి ఆరున్నర గంటల పాటే ఉంటుంది. అక్కడ మూడు వేల గాలాలను రాత్రిలోనే పూర్తిగా వదిలామని పుస్తకం చెబితే, గంటకు ఎన్ని గాలాలు వదలాల్సి ఉంటుందో వేళ్ల మీద లెక్కపెట్టండి. కుదరదని తేలితే ఆ విషయమే ఓడ నడిపించే సరంగును అడగండి.

ఎక్కిన వెంటనే

మర్యాదగా పలకరించండి, గుర్తింపు కార్డు చూపించండి, ఎంతసేపు పడుతుందో ముందే చెప్పండి. సరంగు నెలల తరబడి సముద్రంలో ఉండి వచ్చినవాడు, ఇంటికి ఫోను చేసుకోవాలన్న ఆత్రంలో ఉంటాడు. ఆ ఆత్రాన్ని గౌరవిస్తే మీకు పని సులువవుతుంది. కాగితాలన్నీ కేబిన్‌లో చూసుకుంటూ కూర్చుంటే ఈలోగా వెనుక డెక్కు మీద ఏమైనా సర్దేయవచ్చు. అందుకే కాగితాల కట్టను సంచిలో పెట్టుకుని నేరుగా ఓడ వెనుక భాగానికి వెళతాను.

వెంట ఉండాల్సినవి ఎక్కువేమీ కావు. 100 మీటర్ల టేపు, 5 మీటర్ల చిన్న టేపు, చేతి తొడుగులు, టార్చి, కెమెరా, నోటు పుస్తకం. వీటితో పాటు తప్పనిసరిగా నగల దుకాణాల్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు. నాది బరంపురం బజారులో కొన్నది. సీసపు గుండు మీద 60 గ్రాములు అని అచ్చు ఉన్నంత మాత్రాన అది 60 గ్రాములు తూగుతుందని లేదు. సీసం మెత్తనిది, అరుగుతుంది.

పిల్లతాళ్ల బరువు: అన్నిటికంటే ముందు చూడాల్సింది

రేవులో నిలిచిన ఓడ మీద నమ్మకంగా తేల్చగలిగేది బరువు ఒక్కటే అని నా అనుభవం. పీలికల తాడు సముద్రంలో కట్టారో లేదో జెట్టీ మీద కచ్చితంగా తెలియదు. రాత్రి వదిలారో లేదో పుస్తకం చెప్పాలి. బరువు మాత్రం పిల్లతాడులోనే బిగించి ఉంటుంది. వాడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆల్బట్రాస్, పెట్రెల్ పక్షుల సంరక్షణ ఒప్పందం 2004లో అమల్లోకి వచ్చింది, దాని కార్యాలయం టాస్మేనియాలోని హోబర్ట్‌లో ఉంది. ట్యూనా లాంగ్‌లైన్‌కు ఆ ఒప్పందం చెప్పే కొలతలు మూడు. గాలం నుంచి అర మీటరు లోపు కనీసం 40 గ్రాములు, లేదా ఒక మీటరు లోపు కనీసం 60 గ్రాములు, లేదా రెండు మీటర్ల లోపు కనీసం 80 గ్రాములు. ఐఓటీసీ 2012 తీర్మానంలో అంకెలు ఇంత కఠినంగా లేవు: ఒక మీటరు లోపు 45 గ్రాములకు పైన, మూడున్నర మీటర్ల లోపు 60కి పైన, నాలుగు మీటర్ల లోపు 98కి పైన. పాత కాగితం మీద కొత్త కొలత, కొత్త కాగితం మీద పాత కొలత వేసి చూడకండి. ఓడ లైసెన్సులో ఏది రాసి ఉందో దాన్నే పట్టుకోండి. దూరం ఎందుకంటారా? బరువు గాలానికి ఎంత దగ్గరగా ఉంటే ఎర అంత త్వరగా మునుగుతుంది. దూరంగా కడితే బరువు ముందు మునిగి, ఎర మాత్రం ఇంకా పైన ఊగుతూ ఉంటుంది.

పిల్లతాళ్లు పెద్ద ప్లాస్టిక్ డబ్బాల్లోనో బుట్టల్లోనో చుట్టి ఉంటాయి. సరంగు చూపించిన బుట్ట కాకుండా మీరే ఎంచుకోండి. పైవరుస నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి, ఎవరూ కదపని మూల నుంచి ఒకటి. నేను కనీసం ముప్పై తాళ్లు తీసి చూస్తాను. ఒక్కొక్కటి చేత్తో పట్టుకుని గాలం కన్ను నుంచి బరువు దాకా టేపుతో కొలిచి, వరుస సంఖ్య వేసి రాసుకుంటాను. బిగించిన బరువును కోయకండి, అది వాళ్ల సొత్తు. గిడ్డంగిలో విడిగా ఉన్నవాటిని తూచి, పోల్చి చూడండి.

ఇప్పుడు తాడును వెలుతురులో పెట్టి దగ్గరగా చూడండి. బరువు బిగించిన చోట లోహపు గొట్టం నొక్కి ఉంటుంది. నెలల పాటు పని చేసిన తాడు మీద ఆ నొక్కుడు పక్కన నైలాన్ తెల్లబారి, సన్నగా గీకుడు పడి, ఉప్పు పట్టి ఉంటుంది. సీసం మీద మెరుపు పోయి బూడిద రంగు తిరుగుతుంది. అలా కాకుండా నైలాన్ పాతబడి, గాలం తుప్పు పట్టి, సీసం మాత్రం దీపావళి సామానులా మెరుస్తుంటే, రేవుకు వచ్చే ముందు రాత్రి బిగించారని అర్థం. ఒకసారి ఒక ఓడలో నలభై తాళ్లు తీశాను. పైన ఉన్న పదింటికి కొత్త బరువులు, కింద ఉన్న ముప్పైకి ఏమీ లేవు. సరంగు ఏమీ అనలేదు, టీ తెప్పించాడు.

అయితే బరువులు ఎందుకు తీసేస్తారో కూడా తెలుసుకోవాలి. పెద్ద చేప లాగుతున్నప్పుడు తాడు తెగితే ఆ సీసపు గుండు తుపాకి గుండులా వెనక్కి వస్తుంది. సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక కళాసీ కనుబొమ్మ మీది మచ్చ చూపించి, “అన్నా, అర అంగుళం కిందికి తగిలి ఉంటే నా కన్ను ఉండేది కాదు” అన్నాడు. అది సాకు కాదు, నిజమైన భయం. దీనికి విరుగుడు ఉంది. తాడు తెగినప్పుడు జారి బయటికి వచ్చేసే జారుడు బరువులు మార్కెట్లో ఉన్నాయి, వాటి వల్ల దెబ్బ ప్రమాదం తగ్గుతుంది. తప్పు రాసి చేతులు దులుపుకోకుండా ఈ మాట సరంగుకు చెప్పండి. మళ్లీ వచ్చేసరికి ఆ బరువులు కనిపిస్తే అది మీరు సాధించిన పనే.

పీలికల తాడు: జెట్టీ మీద పరిపించండి

పీలికల తాడును ఓడల్లో టోరి లైన్ అంటారు. జపాను భాషలో టోరి అంటే పక్షి. దీన్ని కనిపెట్టింది శాస్త్రవేత్తలు కాదు, జపాను ట్యూనా వేటగాళ్లే. ఎరలు పోతున్నాయన్న బాధతో వాళ్లే కట్టుకున్నారు. తాడు తనిఖీ వాళ్ల కోసమని అనుకునే సరంగులకు ఈ సంగతి చెబితే వాళ్ల మాట తీరే మారుతుంది. పక్షి తిన్న ప్రతి ఎరా చేపకు దక్కని ఎరే కదా.

“ఉందా?” అని అడగవద్దు. “తీసి జెట్టీ మీద పరవండి” అనండి. తాడు ఎక్కడుందో వెతకడానికి పట్టే సమయాన్ని గడియారంలో చూడండి. రోజూ వాడే ఓడలో కళాసీ రెండు నిమిషాల్లో తెస్తాడు. ఎప్పుడూ వాడని ఓడలో గిడ్డంగి తలుపు తాళం చెవి కోసమే అరగంట పడుతుంది. రాసుకోండి, ఇది కూడా సాక్ష్యమే.

తాడు పరిచాక మొత్తం పొడవు కొలవండి. 35 మీటర్లు, అంతకు మించిన ఓడకు గాలిలో తేలే భాగం కనీసం 100 మీటర్లు ఉండాలి. అంతకంటే చిన్న ఓడకు 75. పొడవాటి పీలికలు ఒకదానికొకటి 5 మీటర్లకు మించని దూరంలో ఉండాలి, ప్రశాంతమైన నీటిలో అవి అలలను తాకాలి. చిన్న ఓడ అయితే మీటరుకు మించిన పొట్టి పీలికలు కూడా దగ్గర దగ్గరగా కట్టుకోవచ్చు. పీలికల రంగు దూరం నుంచే కనిపించేంత గాఢంగా ఉండాలి. తర్వాత తల ఎత్తి తాడు కట్టే స్తంభం చూడండి. ఎత్తు తక్కువైతే తాడు ఎంత పొడవున్నా త్వరగా నీటిని తాకేస్తుంది. పెద్ద ఓడకు ఆ కట్టు నీటి మట్టానికి సుమారు 8 మీటర్ల ఎత్తులో ఉండాలని ఒప్పందం సలహా. తాడు చివర లాగుడు కోసం ఏదైనా ఉందా, లేదా వట్టి తోకేనా అన్నది చూడండి. లాగుడు లేని తాడు గాలిలో నిలవదు, ఒక పక్కకు కొట్టుకుపోతుంది.

వాడిన తాడు, వాడని తాడు పట్టుకుంటేనే తెలుస్తుంది. వాడినది ఉప్పుతో గరగరలాడుతుంది. పీలికల కొనలు చిరిగి దారాలు వేలాడతాయి. మధ్యలో ఎక్కడో తెగి ముడి వేసిన గుర్తులు కనిపిస్తాయి. నీటిపై తేలే బంతుల తాళ్లకు చుట్టుకుని కోసిన చోట్లు ఉంటాయి. చుట్ట విప్పి లోపలి మడత, బయటి మడత పక్కపక్కన పెట్టండి. బయట మాత్రమే వెలిసి లోపల కొత్తగా ఉంటే, ఆ తాడు డెక్కు మీద ఎండకు పడి ఉందే తప్ప సముద్రంలో పరవలేదు. చిరుగులు చూసి సరంగును తప్పుపట్టకండి. చిరిగిన తాడు నిజాయితీకి గుర్తు. మరమ్మతుకు అదనపు పీలికలు, అదనపు తాడు ఉన్నాయా అని మాత్రం అడగండి.

వెలుతురు, గాలాల కప్పులు

రాత్రి వదలడాన్ని చూపించమంటే కుదరదు కాబట్టి డెక్కు దీపాల దగ్గరికి వెళ్లండి. వెనుక వైపు నీళ్ల మీద పడే దీపాలు ఆర్పడానికి విడి స్విచ్చు ఉందో, అన్నీ ఒకే స్విచ్చు మీద ఉన్నాయో చూడండి. ఎర విసిరేవాళ్ల భద్రతకు కొంత వెలుగు కావాలి, నియమం కూడా దాన్ని ఒప్పుకుంటుంది. సముద్రం మీద పడే వెలుగు తగ్గించారా అన్నదే ప్రశ్న. పున్నమి రాత్రుల్లో పక్షులకు ఎర కనిపిస్తుంది కాబట్టి ఆ రాత్రుల్లో రెండో ఏర్పాటు మీద ఎక్కువ దృష్టి పెట్టండి.

గాలం మొనను కప్పే పరికరాలు వాడే ఓడల్లో అవి పది మీటర్ల లోతు దాకానో, నీటిలో పది నిమిషాల దాకానో తెరుచుకోకూడదు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వదిలే గాలాల సంఖ్యతో పోల్చండి. రెండు వేల గాలాలకు మూడు వందల కప్పులుంటే ఆ లెక్క చెల్లదు.

నీలి రంగు పూసిన ఎర వాడుతున్నామని ఒక్కోసారి చెబుతారు. ఆల్బట్రాస్ ఒప్పందం దాన్ని సిఫార్సు చేయదు, లెక్కలోకి తీసుకోకండి.

కళాసీలతో మాట్లాడే పద్ధతి

కాగితం చెప్పనిది కళాసీ చెబుతాడు, కానీ సరంగు ముందు చెప్పడు. ఎర గుచ్చే బల్ల దగ్గర విడిగా, వాళ్ల భాషలో మాట్లాడండి. తెలుగువాడు కనిపిస్తే ఏ ఊరని అడగండి. బారువ అనో కవిటి అనో అన్నాక ఆ తర్వాతి మాటలు సులువుగా వస్తాయి. పేర్లు నివేదికలో రాయనని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. ఆ ఉద్యోగం పోతే వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగదు.

“పక్షులను చంపారా?” అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. “తాడు కట్టేటప్పుడు ఎవరు పట్టుకుంటారు, మధ్యలో చిక్కుపడితే ఏం చేస్తారు?” అని అడగండి. నిజంగా కట్టినవాడికి చిక్కుల గురించి ఫిర్యాదులు పొంగుకొస్తాయి. కట్టనివాడు తల ఊపుతాడు. పక్షి కాళ్లకు లోహపు ఉంగరాలేమైనా దొరికాయా అని కూడా అడగండి. శాస్త్రవేత్తలు దీవుల్లో తొడిగిన ఆ ఉంగరం మీది సంఖ్యతో ఆ పక్షి పుట్టిన గూడు దాకా తెలుస్తుంది. కొందరు కళాసీలు ఉంగరాన్ని జేబులో దాచుకుంటారు, దోషంగా కాదు, గుర్తుగా. దాన్ని తీసుకోవద్దు, సంఖ్యను ఫోటో తీసుకోండి.

వేట పుస్తకంలో పక్షుల గడిలో నెలల తరబడి సున్నాలే ఉంటే ఆగి ఆలోచించండి. 35 డిగ్రీల దిగువన చలికాలమంతా తిరిగి ఒక్క పక్షీ తగల్లేదంటే ఏర్పాట్లు అద్భుతంగా ఉండాలి, లేదా ఎవరూ రాయడం లేదు. ఏర్పాట్లు మీరు ఇప్పుడే చూశారు కాబట్టి ఏదో మీకే తెలుస్తుంది. పక్షి తగిలిందని నిజాయితీగా రాసిన సరంగును మాత్రం మెచ్చుకోండి. రాసినందుకే చీవాట్లు తిన్నవాడు మళ్లీ రాయడు.

దక్షిణ జార్జియా దీవి చుట్టూ 1990ల మధ్యలో ఏటా వేల పక్షులు లాంగ్‌లైన్‌కు బలయ్యేవి. రాత్రి వదలడం, బరువులు, పీలికల తాళ్లు, సంతానోత్పత్తి కాలంలో వేట మానడం, ఓడల మీద పరిశీలకులు, ఇవన్నీ కలిపి గట్టిగా అమలు చేశాక ఆ సంఖ్య దాదాపు సున్నాకు దిగింది. సరంగులు “ఇవన్నీ అయ్యే పనులు కావు” అన్నప్పుడు నేను చెప్పేది ఇదే.

నివేదిక

కొలతలు రాయండి, అభిప్రాయాలు రాయకండి. “బరువులు సరిగా లేవు” అనేది అభిప్రాయం. “30 పిల్లతాళ్లలో 21కి బరువు లేదు, మిగిలిన 9 తాళ్లలో గాలం నుంచి సగటు దూరం 2.6 మీటర్లు” అనేది కొలత. ప్రతి ఫోటోలో టేపు కనిపించాలి, ఓడ పేరు ఉన్న బోర్డు కనీసం ఒక ఫోటోలో ఉండాలి. సరంగు తన మాట రాసుకునే చోటు వదిలి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, ఒక ప్రతి ఇవ్వండి. ఐఓటీసీ రేవు తనిఖీ నిబంధన ప్రకారం నివేదిక మూడు పనిదినాల్లో ఓడ జెండా దేశానికి, అంటే ఓడ నమోదైన దేశానికి, సంఘం కార్యాలయానికి వెళ్లాలి. దొంగ వేట ఓడలను రేవుల్లోనే అడ్డుకోవడానికి దేశాలు చేసుకున్న రేవు దేశాల చర్యల ఒప్పందం 2016 జూన్ 5న అమల్లోకి వచ్చాక ఈ కాగితానికి విలువ పెరిగింది. మీరు రాసింది ఇంకో రేవులో ఇంకో అధికారి బల్ల మీదికి వెళుతుంది. అతను మీ కొలతలను మళ్లీ కొలిచి చూడగలిగేలా రాయాలి.

ఇంటి దగ్గర సాధన

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు ఆరబెట్టి ఉంటాయి, మనుషులు ఖాళీగా దొరుకుతారు. పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి రోజులు లేవు. ట్రాలర్ వల దగ్గర తాబేలు తప్పించుకునే పరికరం ఉంటే చూపించమని అడగండి. రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టే తీరం మనది, ఆ పరికరం ఎందుకో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. దాని చట్రం మీద వల రాపిడి గుర్తులు ఉన్నాయో, రంగు చెక్కుచెదరలేదో చూడండి. చట్రం పక్కన తాబేలు బయటపడే తలుపును దారంతో కుట్టేశారేమో వేళ్లు పెట్టి చూడండి. పీలికల తాడు దగ్గర వాడే కన్నే ఇక్కడా పని చేస్తుంది.

ఆ తర్వాత ఇద్దరు మిత్రులను పిలిచి, కొబ్బరి తాడుకు పాత చీర పీలికలు కట్టి, గోపాల్‌పూర్ ఒడ్డున ఒక వెదురు గడ మీది నుంచి కట్టి లాగండి. సాయంత్రం గాలి లేచాక తాడు ఎంత దూరం దాకా నేలను తాకకుండా నిలుస్తుందో కొలవండి. గడను ఒక మీటరు ఎత్తు పెంచి మళ్లీ కొలవండి. రెండు కొలతలూ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.